సీసంలో సున్నా

నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. ఫోటోలు తీసేవాడికి ఆ తీరిక ఉండదు. పట్టపగలు తలుపులు బిగించుకొని, ఎర్ర బల్బు కింద, తెల్ల కాగితం మీద మనుషుల ముఖాలు తేలుతుంటే రోజూ చూసేవాడికి దయ్యమొచ్చినా ఇంకో గిరాకీ కిందే లెక్క. బాన్సువాడ బస్టాండు వెనక స్టూడియో పెట్టిన ఏడేళ్ళూ ఈ మాటే అందరికీ చెప్పుకొని తిరిగాను. 1978 వానాకాలంలో నా నోరు మూతపడింది.

మొదటిది కోటగిరి నుంచి వచ్చిన ఒక జంట ఫోటో. డార్క్ రూమ్‌లో కాగితాన్ని డెవలపర్ ట్రేలో వేసి ఊపుతున్నాను. ముందు ఆయన మీసం వచ్చింది. తర్వాత ఆమె ముక్కుపుడక వచ్చింది. ఆ తర్వాత నేను తియ్యనిది వచ్చింది. ఇద్దరి నడుమ నల్లటి పొగ, ఆ పొగలో తెల్లటి గుండ్రాలు, వంకీ తిరిగి ఒకదాని పక్కన ఒకటి. లెక్కపెడితే తొమ్మిది. ఐదోది సగమే ఉంది. చూడగానే తెలిసిపోయింది, ఆడవాళ్ళు మెడలో వేసుకునే వెండి బిళ్ళల దండ అది. దండ ఉంది గాని మెడ లేదు.

కాగితం పాడైందనుకొని ఇంకొకటి తీశాను. దాని మీదా అదే పొగ, అదే చోట అవే తొమ్మిది, ఐదోది సగం. నెగటివ్ చూస్తే అద్దంలా శుభ్రంగా ఉంది. డెవలపర్ కొత్తగా కలిపాను. బొమ్మ చెరగకుండా నిలిపే హైపో పారబోసి మళ్ళీ చేశాను. ట్రేలు మూడుసార్లు తోమించాను.

తోమింది రూప్లి. తండా నుంచి రోజూ నడిచొచ్చి నా దగ్గర పనిచేసే లంబాడా మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. మగడు పోయాడు, ఇంటి నిండా చెల్లెలి పిల్లలు. స్టూడియో ఊడ్చడం, బోరింగు నీళ్ళు తేవడం, ఫోటోలు కడిగి తీగ మీద ఆరేయడం ఆమె పని. చేరి అప్పటికి రెండు నెలలు కాలేదు. పొద్దున రాగానే తన గుడ్డ సంచిని డార్క్ రూమ్ చెక్క గోడకు బయటి వైపున్న మేకుకు తగిలించేది, పోయేటప్పుడు తీసుకుపోయేది. ఆ చెక్కకు లోపలి వైపు అలమరలో నా కాగితాల డబ్బాలుండేవి.

చేరిన రోజే రూప్లి నన్నొకటి అడిగింది. "అన్నా, నాదొక ఫోటో తీస్తవా? ఇప్పటిదాంక నా ఫోటో ఒక్కటి లేదు."

"తీస్తా తియ్" అన్నాను. రేపు, ఎల్లుండి అంటూ జరుపుతూ వచ్చాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, దగ్గరున్న మనిషి ముఖం ఫోటోకు పనికొస్తుందని నాకు తోచలేదు.

శ్రావణంలో తీజ్ పండగకు రూప్లి మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులకు కొత్త డబ్బా తెరిచాను. ఒక్క ఫోటో మీద మచ్చ లేదు. నాలుగో రోజు ఆమె వచ్చింది. ఇంకో రెండు రోజులకు అదే డబ్బాలోంచి తీసిన కాగితాల మీద పొగ మొదలైంది. వారం తిరిగేసరికి బిళ్ళలు తేలాయి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. బిళ్ళల దండలు వేసేది లంబాడా ఆడవాళ్ళే. రూప్లి మెడ మాత్రం బోసిగా ఉండేది. ఎర్ర వెలుగులో ఒంటరిగా నిలబడితే, నా వెనక ఎవరో వంగి ట్రేలోకి చూస్తున్నట్టనిపించి, పని ఆపేసి రెండుసార్లు బయటికొచ్చాను.

భయపడ్డవాడు నోరు మూసుకొని కూర్చోవాలి. నేను హోటల్లో చాయ్ తాగుతూ ఆ ఫోటోలు నలుగురికీ చూపించాను. "మా రూప్లి ఉన్నప్పుడే గిట్లయితుంది. ఆమె లేని మూడొద్దులు ఏం లేదు" అని కూడా అన్నాను. నలుగురూ నోళ్ళు తెరిచి వింటుంటే నాకు కాస్త గొప్పగానే ఉండింది. ఆ సంగతి ఇప్పుడు దాచుకొని లాభం లేదు.

అదే వారం, బజార్లో కూరగాయలమ్మే పోసవ్వ తన మనవడికి మొదటి పుట్టినరోజు ఫోటో తీయించుకుంది. బిళ్ళలు సరిగ్గా పిల్లాడి మెడ చుట్టూ వచ్చాయి. అంచుల పొగ కత్తిరించి, మెడ దగ్గరివి అలాగే ఉంచి ఇచ్చేశాను. ఎనిమిదో రోజు ఆ పిల్లాడు వాంతులూ విరేచనాలూ అయి పోయాడు. ఆ వానలకు బాన్సువాడలో సగం ఇళ్ళలో అదే రోగం, తాగేది కాలువ బురద నీళ్ళు మరి. ఆ మాట ఎవరూ అనలేదు. బాణామతి అన్నారు.

గిట్టనివాళ్ళ మీద చేసే చేతబడిని మా వైపు బాణామతి అంటారు. ఆ పేరు పడ్డ ఆడదాన్ని పళ్ళు రాలగొట్టి ఊరి బయటికి తరుముతారు. ప్రాణాలతో వదిలితే అదృష్టమే. పేరు పెట్టింది పోసవ్వే అయినా, ఆమె నోటికి ఆ మాట అందించింది నేను.

మర్నాడు రూప్లిని పిలిచాను. "గా సంచిల ఏముంది?"

"నాది గాదన్నా. ఒక సారుది. ఎవ్వర్ని ముట్టనియ్యకు అన్నడు. ఇంట్ల పిల్లలు ఆగరు గద, అందుకే ఎంట తిప్పుకుంటున్న." అంటూ ఎడమ పక్క డొక్క మీద చెయ్యి అదుముకుంది. సంచి భుజానికి వేసుకుంటే సరిగ్గా తగిలే చోటది. "గీడ మంట లేస్తుంది. దవాఖానల మలాం ఇచ్చిండ్రు. పుండు మానుత లేదు."

ఇంకా అడగాల్సింది. ఆ సంచి ముట్టుకోవాలంటే నాకు చేతులు రాలేదు.

అప్పుడొచ్చింది కనకరత్నం టీచరమ్మ, తన తరగతి పిల్లల గ్రూపు ఫోటో కోసం. హైస్కూల్లో సైన్సు చెబుతుంది. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి, వర్ని దగ్గర కాలువ కింద వరి పెట్టుకున్న కుటుంబం. ఫోటో చేతికివ్వగానే ఆమె భృకుటి ముడిపడింది.

"ఏవండీ హన్మంతు గారూ, మా పిల్లల మీద ఈ పొగేంటండీ?"

దాచకుండా అంతా చెప్పాను. ఆమె నా భూతద్దం తీసుకొని పాడైన ఫోటోలన్నీ వరసగా చూసింది.

"ఐదోది ఎప్పుడూ సగమేనా?"

"ఎప్పుడూ."

"అయితే దయ్యం కాదండీ. దయ్యానికి ఇంత క్రమశిక్షణ ఉండదు."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నాలుగు కొత్త కాగితాలు నల్ల కాగితంలో చుట్టించి, ఒక్కోదాని మీద ఒక్కో తాళంచెవి కట్టించింది. ఒకటి ముందు గదిలో, ఒకటి నీళ్ళ తొట్టి దగ్గర, ఒకటి ఫోటో పెద్దది చేసే ఎన్‌లార్జర్ పైన, నాలుగోది మేకున్న చెక్క గోడకు ఆనించి అలమరలో పెట్టించింది.

"కొన్ని పదార్థాల్లో పరమాణువులు నిలకడగా ఉండవండీ" అంది. "వాటంతటవే విరిగిపోతూ కంటికి కనపడని కిరణాలు చిమ్ముతాయి. వాటిని నల్ల కాగితం ఆపలేదు, చెక్కా ఆపలేదు. మన ఒంట్లోంచి కూడా దూరిపోతాయి. నేను అనుకునేది తప్పు కావాలనే కోరుకుంటున్నాను."

నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చింది. ఇద్దరం డార్క్ రూమ్‌లో నిలబడి కాగితాలు కడిగాం. మూడు తెల్లగానే ఉన్నాయి. నాలుగోది ట్రేలో వేసిన నిమిషంలో నల్లబడింది, ఆ నలుపులో నా బీరువా తాళంచెవి తెల్లగా తేలింది. దాని వెనక మసకగా బిళ్ళలు.

"గోడకు అటువైపు ఏముంటుంది?" అంది టీచరమ్మ.

"రూప్లి సంచి."

"రూప్లి ఏదీ?"

ఒంట్లో బాగాలేదని రూప్లి అప్పుడే సంచి తీసుకొని వెళ్ళింది. పది నిమిషాలు కూడా కాలేదు. తలుపు తీసేసరికి కాలువ వంతెన వైపు నుంచి కేకలు వినిపించాయి. ఇద్దరం పరుగెత్తాం.

వంతెన మీద ముప్పై మంది ఉన్నారు. జుట్టు విరబోసుకొని పోసవ్వ ముందుంది. "నా పోరగాన్ని తిన్నవు గదనే" అంటూ రొమ్ము బాదుకుంటోంది. ఇద్దరు మగవాళ్ళు సంచి పట్టుకొని లాగుతున్నారు. రూప్లి ఒక చేత్తో సంచి పట్టీ పట్టుకొని, ఇంకో చెయ్యి లోపల పెట్టి దేన్నో గట్టిగా అదిమి పట్టుకుంది. రెండూ నిలుపుకోలేనని ఆమెకు తెలిసిపోయినట్టుంది. లోపలున్నది బయటికి లాగి గుండెకు హత్తుకొని, సంచి వదిలేసింది. ఒకడు దాన్ని గిరగిరా తిప్పి కాలువలోకి విసిరాడు.

సంచి గాల్లో తిరిగింది. ఇన్ని రోజులూ మేకున గోడ వైపు, భుజాన ఒంటి వైపు తిరిగి ఉన్న దాని ముఖం అప్పుడే మొదటిసారి చూశాను. సంచి మీద వంకీగా కుట్టిన వెండి బిళ్ళలు, తొమ్మిది, ఐదోది సగం. ఎండకు ఒక్కసారి మెరిసి నిండు కాలువలో మునిగిపోయాయి.

ఒకడు రాయి ఎత్తాడు. టీచరమ్మ గొంతు చించుకొని అరిచింది. "ముట్టుకోకండి! ఆమె చేతిలో ఉన్నది అణుబాంబుకు దగ్గరి చుట్టం. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతుంది!"

బాణామతి మీదికి ఎగబడ్డ మొనగాళ్ళు అణుబాంబు పేరు వినగానే చెప్పులు వదిలేసి పరుగుతీశారు. పోసవ్వ మాత్రం అక్కడే కూలబడి ఏడుస్తూ ఉండిపోయింది. ఆమెకు కాలిపోతానన్న భయం కూడా మిగల్లేదు.

రూప్లి గుండెకు హత్తుకున్నది ఒక గాజు సీసా. ముదురు వంకాయ రంగులో ఉంది. అడుగున చిటికెన వేలి కొసంత ఇత్తడి గుండు. అది ఆనుకున్న చోట రంగు మరీ చిక్కగా, పైకి వచ్చేకొద్దీ పలచగా ఉంది.

"రంగు సీసాలో ఎందుకు పెట్టావమ్మా?" అంది టీచరమ్మ.

"తెల్ల సీసలనే పెట్టిన. పెట్టంగ పెట్టంగ గదే గిట్లయింది."

టీచరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ కిరణాలకు గాజే రంగు మారిపోయింది. అది అక్కడ గట్టు మీద పెట్టి దూరంగా రామ్మా. నీ డొక్కలో పుండు దాని వల్లే."

"ఎట్ల పెట్టాలె? సారు వచ్చి అడిగితే ఏం జెప్పాలె?"

ఎంత బతిమాలినా వదల్లేదు. ఆ సారెవరో చెప్పమంటే చెప్పింది. నిరుడు చలికాలం వర్ని దగ్గర పొలాల్లో నేల తడి కొలిచే సర్వే క్యాంపు పడింది. ఆదిశేషయ్య అనే కోస్తా సారు నేలలోకి గొట్టం దించి మిషన్‌లో అంకెలు చూసేవాడు. గొట్టం మోసే పని రూప్లిది. ఒకరోజు సారు పొడుగాటి పట్టుకారుతో గొట్టంలోంచి ఈ గుండు తీసి పలక మీద పెట్టాడో లేదో, రొమ్ము పట్టుకొని కూలిపోయాడు.

"జీపుల పండవెట్టిండ్రు. ఊపిరి ఆడ్తలేదు. నా దిక్కు చూసి అన్నడు, రూప్లీ దాన్ని సీసల పెట్టు, ఎవ్వర్ని ముట్టనియ్యకు, నేనొచ్చి తీస్కపోత అని. గంతే. నేను పట్టుకారుతోటి ఎత్తి సీసల ఏసిన, మూత పెట్టిన. ఆరు నెలలు మా గుడిసె కప్పుల దాచిన. వానకు కప్పు కూలింది. గప్పటిసంది సంచిలనే. సారు ఇగ రాలే."

"ఆయన రారమ్మా" అంది టీచరమ్మ మెల్లగా. "ఆ క్యాంపు మా నాన్నగారి పొలంలోనే. దారిలోనే గుండె ఆగి పోయారట ఆయన." ఏదో గుర్తొచ్చి ఆగింది. "మా వైపు వాళ్ళు సీసా అంటారు, సీస అనరు. రూప్లీ, అక్కడ నల్లటి బరువైన డబ్బా ఒకటి ఉండేదా?"

"ఉండె. ఇద్దరం పట్టినా లేవకపోతుండె."

"అది సీసంతో చేసింది. ఈ కిరణాలను ఆపేది సీసమే. ఆయన సీసంలో పెట్టమన్నారమ్మా."

ఊపిరాడని మనిషి నోట్లో ఒక సున్నా జారిపోయింది. ఆయన మనుషులు నాలుగో రోజు వచ్చి ఆ డబ్బాను జీపెక్కించుకొని పోయారట. బరువుంది కదా, గుండు లోపలే ఉందనుకొని ఉంటారు. చచ్చిపోయినవాడి మాటను రూప్లి ఏడు నెలల పైన మోసింది, అందులో దాదాపు రెండు నెలలు ఒంటికి ఆనించుకొని. దాన్ని కాపాడటానికే సంచి వదిలేసింది.

"సారు పోయిండా" అంది రూప్లి. అప్పుడు సీసా కింద పెట్టింది.

ఊరవతల లోతైన గొయ్యి తీసి సీసాను పూడ్చాం. ఆ సర్వే ఆఫీసుకు తంతి కొడితే ఎనిమిదో రోజు నలుగురు మనుషులు సీసం డబ్బాతో వచ్చి తవ్వుకొని పోయారు. రూప్లిని హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపాల్సి వచ్చింది. పోయే ముందు రోజు స్టూడియోలో కూర్చొని, తనను తిన్నదేంటో తనకు చెప్పమని టీచరమ్మను అడిగింది.

"ప్రతి మూలకానికీ, దాని పరమాణువు నడిబొడ్డున ప్రోటాన్లు ఇన్ని అని లెక్కుంటుందమ్మా. ఎనభై ఎనిమిది ఉంటే రేడియం, ఎనభై రెండుంటే సీసం. ఆ లెక్క మారితే పేరే మారిపోతుంది. వాటి పక్కనే న్యూట్రాన్లుంటాయి. వాటి విద్యుదావేశం సున్నా. అవి ఎక్కువైనా తక్కువైనా పేరు మారదు, బరువే మారుతుంది. మా కల్లంలో రెండు బస్తాలు మసూరి ఉన్నాయనుకో, ఒకటి తడిసింది. పేరు మసూరే, కాటా మీద బరువు వేరు. అలా పేరు ఒకటై బరువులు వేరైన పరమాణువుల్ని ఐసోటోపులంటారు. తవ్వుకుపోయినవాళ్ళు చెప్పారు, నువ్వు మోసింది రెండు వందల ఇరవై ఆరు బరువున్న రేడియం. అది ఉన్నచోట ఉండలేదు. ముక్కలు ఊడుతూ, పేర్లు మారుతూ పోయి, చివరికి రెండు వందల ఆరు బరువున్న సీసమై ఆగుతుంది."

రూప్లి తలెత్తింది. "సీసమే అయితదా?"

"సీసమే."

"ఎన్నొద్దులకు?"

"సగం అవడానికే పదహారు వందల ఏళ్ళు."

రూప్లి వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆపేసింది. "గట్లయితే సారు మాట తప్పలే. జర ఆలిశమయితది, గంతే" అని నవ్వింది. మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఎండాకాలంలో తిరిగొచ్చింది. తొడ మీది చర్మం తీసి డొక్కకు అతికించారట. సగమైపోయింది మనిషి, మెట్టెక్కడానికి గోడ పట్టుకుంది. నేను రాత్రింబవళ్ళు నెమరేసుకుంటున్న మాట ఆమె కూర్చోక ముందే కక్కేశాను.

"అక్కా, గా మాట హోటల్ల పుట్టిచ్చింది నేనే."

అక్కా అని పిలవడం అదే మొదలు. ఆమె నా వైపు చూసి అంది. "ఎర్కనే. నువ్వు అన్న దినమే తెల్సింది."

"మరి పనికెందుకు వచ్చినవ్?"

"ఫోటో తీస్త అన్నవు గద."

నాకు సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. తెర దించి, లైట్లు వేసి, కుర్చీలో కూర్చోబెట్టాను. సర్దుకుంటూ ఆమె చెయ్యి బోసి మెడ మీదికి పోయింది.

"యాడి బిళ్ళలుంటే మంచిగుండు" అంది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. మగడు పోయాక మెడలో వేసుకోకూడదని, తల్లి దండలోని బిళ్ళలు సంచి మీద అదే వంపులో కుట్టుకుందట. కరువు వచ్చిన ఏడు తల్లి ఒక బిళ్ళను సగానికి కోసి జొన్నలు కొన్నదట. కాలువ బందయినప్పుడు నేనూ టీచరమ్మా బురదంతా గాలించాం. ఒక్కటీ దొరకలేదు.

ఫోటో తీశాక ఆమెను డార్క్ రూమ్‌లోకి తీసుకుపోయాను. పొగ పట్టినా ఇంకా కడగని కాగితాల డబ్బా ఒకటి పారేయబుద్ధి కాక అప్పట్లోనే అటక మీద పెట్టి ఉంచాను. నాలుగు కాగితాలు మిగిలాయి. ఒకటి వట్టిదే కడిగి బిళ్ళలు ఎక్కడ వస్తున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. రూప్లి నెగటివ్‌ను ఎన్‌లార్జర్‌లో పెట్టి, ఆమె మెడ సరిగ్గా ఆ గుర్తు మీద పడేదాకా జరిపి, ఇంకో కాగితం మీద అచ్చు వేసి ట్రేలో వేశాను.

ముందు కళ్ళు వచ్చాయి. తర్వాత బుగ్గల మీది పచ్చబొట్టు వచ్చింది. ఆ తర్వాత గుండెల మీద నల్లటి పొగ కమ్మి, ఆ పొగలోంచి ఒక్కొక్కటే పైకి తేలి, తొమ్మిది బిళ్ళలు ఆమె మెడ చుట్టూ నిలబడ్డాయి. ఐదోది సగం.

ఎర్ర వెలుగులో రూప్లి ట్రే మీదికి వంగింది. నీళ్ళ అడుగున ఉన్న ఆ సగం బిళ్ళను వేలితో తాకింది.

"అన్నా, గిది ఎన్నొద్దులుంటది?"

"హైపోల ఉంచి మంచిగ కడిగితే మన కంటే ఎక్కువనే ఉంటది."

అలవాటుగా ఆమె చేతులు తొట్టి వైపు చాచింది, కడగడానికి. నేను ఆపాను.

"నువ్వు కూచో అక్కా. గిది నేను కడుగుత."